మృగశిరలో మొదటి మడి

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడేసరికి మన ఊళ్ళలో ఒక జబ్బు పట్టుకుంటుంది. పెరట్లో కూరగాయలు పండించాలనే జబ్బు. అయ్యగారు విత్తనాల దుకాణానికి పోయి పది రకాల పొట్లాలు పట్టుకొస్తారు. రెండు రోజులు గడ్డపార చప్పుడు వినిపిస్తుంది. శ్రావణం వచ్చేసరికి ఆ చోట గరిక, తుంగ ఏపుగా పెరిగి ఉంటాయి. అమ్మగారు యథాప్రకారం సంచి పుచ్చుకొని అంగడికి బయలుదేరుతుంది.

కొత్తవారికి పది రకాలు అక్కరలేదని నా అభిప్రాయం. మొదటి వానకాలానికి ఒక్క మడి చాలు. పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. వెడల్పు అంతకు మించితే గట్టుమీద కూర్చుని చేయి చాపినా నడుమనున్న కలుపు అందదు. మడిలోకి దిగి తొక్కితే నేల గట్టిపడుతుంది. రోజుకు ఐదారు గంటలు ఎండ తగిలే చోటు చూసుకోవాలి. గిన్నెలు తోమే చోటికి దగ్గరైతే మరీ మంచిది. దూరంగా ఉన్న మడికి వారం రోజులు మాత్రమే శ్రద్ధగా నీళ్ళు పోస్తాము.

ఆ మడిలో వేయవలసినవి ఆకుకూరలు. వంకాయకు, టమాటకు ముందు నారు పోసి, నాటి, రెండు మూడు నెలలు ఎదురుచూడాలి. తోటకూర విత్తిన 25, 30 రోజులకు కూరలోకి వస్తుంది. కొత్తవాడి ఉత్సాహం ఆయుష్షు కూడా సుమారు అంతే. ఇంకొక కారణం కూడా ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలలు మొదలు ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత. స్త్రీలలో నూటికి 57 మంది పైమాటే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినమంటారు. ఒక్క మడి అంతా ఇవ్వలేదు. వారానికి రెండు పూటల కూర ఇస్తుంది. డాక్టరు ఇచ్చిన మాత్రలకు ఇది బదులని మాత్రం ఎవరూ అనుకోరాదు. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

జనగామ, మానుకోట, భూపాలపల్లి—మూడు ఊళ్ళలోను నాకు చుట్టాలున్నారు. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలకు ముఖ్యపట్టణాలయ్యే వరకు ఇవి వరంగల్లు జిల్లాలోనివే. మానుకోట అంటే మహబూబాబాదే. పాత పేరు నోటినుంచి పోలేదు. మూడుచోట్లా పెరళ్ళు చూచాను. ఒకే విత్తనానికి మూడు రకాల సేవ చేయాలి.

జనగామ వైపు చెలక నేలలు ఎక్కువ. పోతన పుట్టిన ఊరని చెప్పుకునే బమ్మెర ఆ జిల్లాలోనిదే. ఆయన నాగలి పట్టాడన్న మాట నిజమైతే దున్నింది ఈ ఎర్రమట్టినే అయి ఉండాలి. చెలకలో పోసిన నీరు నిలవదు, సత్తువా నిలవదు. దానికి మందు చెరువు మట్టి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో చెరువుల పూడిక ఎత్తి పొలాలకు తోలింది ఇందుకే. మడికి నాలుగు గంపల చెరువు మట్టి, నాలుగు గంపల చివికిన పెంట ఎరువు వేసి జానెడు లోతు తిరగవేస్తే చాలు. ఎరువు చివికిందీ లేనిదీ తెలుసుకోవాలంటే చేయి లోపలికి పెట్టి చూడండి. వేడి తగలకూడదు, పేడ వాసన రాకూడదు. పచ్చి పేడ వేశారంటే చెదలకు విందు చేసినట్లే.

మానుకోటలో నేను చూచిన పెరళ్ళలో రేగడి పాలు ఎక్కువ. అక్కడ చిక్కు తారుమారు. వానకు నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. మడిని నేలకన్న జానెడు ఎత్తు చేసి, చుట్టూ చిన్న కాలువ తీయాలి. భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లవారికి చాలామందికి నేలే కొరత. పాత రంగు డబ్బాలు, సిమెంటు సంచులు, పగిలిన గోలెం, ఏదైనా పనికివస్తుంది. అడుగున మాత్రం చిల్లులుండాలి. ఎండాకాలంలో డబ్బాలో మన్ను కాలిపోతుంది కనుక వాటిని గోడనీడకు జరపాలి, రెండు పూటలా తడపాలి.

ఇక విత్తడం. మృగశిరలో తోటకూర, పుంటికూర, బచ్చలి వేయండి. తోటకూర విత్తు నలుసంత ఉంటుంది. పిడికెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడదు. బచ్చలికి విత్తనమే అక్కరలేదు, తీగముక్క గుచ్చితే అతుక్కుంటుంది. పుదీన కూడా అంతే. మెంతికూర, పాలకూర, కొత్తిమీర జోరువానలకు మురిగిపోతాయి. దసరా దాటాక వేస్తే చలికి కళకళలాడతాయి. వీటిలో మెంతులు, ధనియాలు మీ వంటింటి డబ్బాలోనే ఉన్నాయి. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి చల్లాలి. మొలక రావడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఐదోనాడే చచ్చిపోయాయనుకుని మడి తవ్వేసినవారిని ఎరుగుదును.

పక్కన ఒక పందిరి ఉంటే చిక్కుడు పెట్టండి. చిక్కుడు కొత్తవారి ఓర్పును పరీక్షిస్తుంది. ఆషాఢంలో పెడితే తీగ ఇల్లంతా అల్లుకుంటుంది, పూత మాత్రం రాదు. గొడ్డు తీగ అని కోసేస్తారు. తీగ చిక్కుడుకు పగటిపొద్దు తగ్గాలి. అంతవరకు మీరేం పోసినా పూయదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా మీరు తిన్నంత, పక్కింటికి పంచినంత. గుమ్మడిది మరో తమాషా. మొదట వచ్చేవన్నీ మగపూలే. రాలిపోతుంటే దిగులు పడనక్కరలేదు. అడుగున చిన్న పిందెతో వచ్చేది ఆడపువ్వు. బతుకమ్మకు గుమ్మడిపూలు కావాలంటే మగపూలు కోసుకోండి, తేనెటీగల కోసం నాలుగు తీగ మీద ఉంచండి.

ఇప్పుడు గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. ఈ జిల్లాలు మిరపకు పేరుపడ్డవి. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు పడి మిరప తోటలు నాశనమైనవి. రైతులు అప్పులు చేసి మందు మీద మందు కొట్టారు. ఆ మిగిలిన డబ్బాలు ఎన్నో ఇళ్ళలో అటకమీద, దూలం సందున ఉన్నాయి. పెరట్లో ఆకు ముడుచుకుంటే చేయి అటు పోతుంది. పోనీయకండి. పొలంలో మందు కొట్టిన తరువాత కోతకు ఇన్ని రోజులని గడువు ఉంటుంది. పెరటి తోటకూరకు గడువేమిటి? పొద్దున కొట్టింది సాయంత్రం పిల్లవాడి కంచంలో ఉంటుంది. లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం వేళ ఆకు అడుగున పడేట్టు చల్లండి. దానికీ లొంగకపోతే మొక్క పీకి పారేయండి. తోటకూర విత్తనం ఖరీదెంత?

ఇన్ని చెప్పి కోతుల సంగతి ఎత్తకపోతే మా వైపువారు నవ్వుతారు. వాటి బాధ పడలేక ఉన్న పాదులు పీకేసుకున్న ఇళ్ళు ఎన్నో. 2020లో నిర్మల్ జిల్లా చించోలి దగ్గర కోతుల పునరావాస కేంద్రమే పెట్టవలసి వచ్చింది. మన కోతులు అక్కడికి పోయేదాకా ఆగలేము గనుక అవి అంతగా ఇష్టపడని వాటిని వేసుకోవాలి: కాకర, మిరప, పుదీన, చామ, అల్లం, పసుపు. భూపాలపల్లిలో మా బంధువులావిడ డాబామీద అచ్చంగా ఇవే పెంచుతుంది. ఒక మంద వచ్చి డబ్బా డబ్బా వాసన చూచి, ఒక కాకరపిందె కొరికి ఉమ్మేసి, ఎదురింటి జామచెట్టు ఎక్కడం నేను కళ్ళారా చూచాను. ఎదురింటివారు అప్పటికే కర్ర పుచ్చుకొని సిద్ధంగా ఉన్నారు.