కడలి నీరు - కడవ నీరు

గాలివాన, తుపాను, ఉప్పెన అను మూడు మాటలు తెలుగున వేరువేరుగా ఉన్నవి. గాలివాన వేసవి సాయంకాలమున వచ్చి, రెండు చెట్లు కూల్చి, దీపాలవేళకు వెళ్లిపోవును. తుపాను రెండు మూడు దినములు ముసురుపట్టి చేలను ముంచును. ఉప్పెన ఆకాశమునుండి రాదు. సముద్రమే లేచి ఊరిమీదికి వచ్చుట ఉప్పెన. నేటి వ్యవహారమున ఈ భేదము క్రమముగా చెరిగి, అన్నిటికిని తుపాను అను ఒక్కమాటయే మిగులుచున్నది. నిఘంటువునకు ఇది స్వల్పనష్టము. బాపట్ల, రేపల్లె తీరవాసులకు మాత్రము స్వల్పము కాదు. తుపాను అన్నంతనే మనుష్యుని మనస్సు గాలివైపు పోవును. అతడు ఇంటికప్పునకు మోకులు బిగించును, కిటికీలు మూయును, గాలివేగమెంతయని విచారించును. నిజాంపట్టణము రేవున ఎగురవేయు ప్రమాదసూచిక సంఖ్యను పత్రికలో చదువును. ఆ సంఖ్య ఓడలకొరకు ఏర్పడినది. ఊరిలోనికి నీరు ఎందాక వచ్చునో అది చెప్పదు. ప్రాణములు తీయుటలో గాలికంటె నీటిదే పెద్ద చేయి. అదియు రెండుమారులు తీయును: మొదట కడలి నీరై, పిమ్మట కడవలోని నీరై.

1977 నవంబరు 19, శనివారము. కార్తీకమాసము; సార్వా వరి కోతలకాలము. నాటి తుపాను చీరాల ప్రాంతమున తీరము దాటెను. తూర్పుతీరమున తుపాను పడమటికి సాగునప్పుడు, కేంద్రమునకు ఉత్తరమున ఉన్న గాలి సముద్రముమీదినుండి నేలపైకి వీచును. ఆ ఉత్తరదిక్కున ఉన్నవి నిజాంపట్టణము, రేపల్లె సీమ, కృష్ణకు ఆవల దివిసీమ. అక్కడ తీరరేఖ వంగి, లోతు తక్కువైన అఖాత మేర్పడినది. లోతైన కడలిలో గాలి త్రోసిన నీరు అడుగుదారిన వెనుకకు మరలగలదు. లోతులేని చోట దానికి దారి లేదు, పైకి లేవవలసినదే. దివిసీమలో నీరు సుమారు ఆరు మీటర్ల ఎత్తున లేచినది. ప్రభుత్వపు లెక్కలనుబట్టియే ఇంచుమించు పదివేలమంది మరణించిరి. బాపట్లలో ఆశ్రయముకొరకు ఒక చర్చిలో చేరినవారిలో, ఆ కట్టడము కూలి, సుమారు నూరుమంది అసువులు బాసిరి.

ఈ చివరి విషయమును తలచినప్పుడు మనస్సు కలతచెందును. వారు అజాగ్రత్తవలన చనిపోయినవారు కారు. ఇండ్లు నిలువవని గ్రహించి, ముందుగా కదలి, ఊరిలో గట్టిదని తోచిన కట్టడమునే చేరుకొన్నవారు. గట్టిదని తోచుట వేరు, గట్టిదగుట వేరు. ఏ కప్పు నిలుచునో, ఏ గోడ బీటలు వారినదో గాలి లేచిన రాత్రి పరీక్షింపరాదు. ఆశ్వయుజమున, ఎండ కాయుచుండగా పరీక్షింపవలెను. ఆ ఉప్పెన తరువాతనే తీరమున స్తంభములపై ఎత్తుగా తుపాను ఆశ్రయభవనములు విరివిగా లేచినవి. 1990 మే 9వ తేదిన, వైశాఖమున, మిక్కిలి తీవ్రమైన తుపాను మరల కృష్ణాముఖద్వార ప్రాంతమునే తాకెను. లక్షకు మించిన జనమును ముందుగా తరలించిరి. మృతులసంఖ్య వేయికి లోపుగా నిలిచినది. ఆ పదమూడేండ్లలో సముద్రము సౌమ్యమైనది కాదు. మనుష్యులు ముందుగా కదలుట నేర్చిరి.

వైశాఖము సంగతి అటుండగా, కార్తీకమును ప్రత్యేకముగా తలచుకొనవలెను. 1864 నవంబరు 1న మచిలీపట్టణమును ముంచి సుమారు ముప్పదివేలమందిని పొట్టనపెట్టుకొన్న ఉప్పెన కార్తీకముననే వచ్చినది. అమావాస్య గడచిన వెంటనే, పోటు హెచ్చుగా ఉండు దినములలో వచ్చినది. 1977 ఉప్పెనయు కార్తీకమే. 2023 డిసెంబరు 5న బాపట్లకు సమీపముననే తీరము దాటిన మిచాంగ్ తుపానును కార్తీకమే. సూర్యలంకకు సముద్రస్నానమునకై వేలకొలది జనము తరలివచ్చు మాసమును ఇదియే.

ఇక రెండవ మరణము. ఇది వార్తలకెక్కదు; ఒక్కొక్క ఇంట వేరువేరుగా జరుగును. తీరమునకు దగ్గరగా ఉన్న డెల్టా గ్రామములలో భూమిలోని నీరు పలుచోట్ల ఉప్పన. అచటివారు కృష్ణ కాలువలతో నింపిన చెరువులనే నమ్ముకొని బ్రతుకుదురు. బాపట్ల ఇసుకనేలలలో వాననీరు ఇంకి, తేలికయగుటచే ఉప్పునీటిపై పొరగా తేలియుండును. లోతులేని బావులు ఆ పొరనుండి నీరు తీయును. ఉప్పెన వచ్చినచో చెరువును చెడును, పొరయు చెడును. ఉప్పెన రాక వరద మాత్రమే వచ్చినను, సముద్రము పోటుమీద ఉన్నంతసేపు నల్లమడ, పేరలి, రొంపేరు డ్రెయిన్ల నీరు దిగదు. గుర్రపుడెక్క పేరుకొన్నచో మరియు దిగదు. మరుగుదొడ్ల మురుగు, పశువుల కళేబరములు, చేలలోని మందులు అన్నియు ఆ నిలువనీటిలో కలసి బావులలోనికి చేరును. ఉప్పును నాలుక పసిగట్టును. వాంతిభేదుల క్రిమిని పసిగట్టలేదు. నాలుగు దినములకు నీరు తేరి అద్దమువలె కనిపించును. అప్పుడే దాహము గొన్నవాడు మోసపోవును. చిల్లగింజ అరగదీసియో, పటిక త్రిప్పియో నీటిని తేర్చుట మన పెద్దల విద్య. మంచి విద్యయే, కాని తేర్చును గాని క్రిమిని చంపదు. తేరిన నీటిని మరగకాచవలెను, లేదా బ్లీచింగు పొడి కలుపవలెను.

ఆ పొడి సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. తేటనీరు వేయి లీటర్లకు మంచి పొడి రెండున్నర గ్రాములు చాలును; కలిపినపిదప గంటసేపు ఆగవలెను. బావిలో ఎన్ని లీటర్లున్నవో తెలియక గుప్పెళ్లతో చల్లుట సర్వసాధారణము. తెలిసికొనుట కష్టము కాదు. బావి వ్యాసమును మీటర్లలో కొలిచి, దానిని దానితోనే హెచ్చించి, నీటిలోతుతో హెచ్చించి, మరల 785తో హెచ్చింపవలెను. రెండు మీటర్ల వ్యాసము, మూడు మీటర్ల నీరు ఉన్న బావిలో 9,420 లీటర్లుండును. పొడి ఇరువదినాలుగు గ్రాములకు కొంచెము తక్కువ. ఇది ఎనిమిదవ తరగతి విద్యార్థులు చేయదగిన లెక్క. వారిచేతనే ఊరిలోని బావులన్నిటిని కొలిపించి, వ్యాసమును, పొడి తూకమును బావిగట్టుపై రంగుతో వ్రాయించినచో, వరదనాడు వెదకుకొన నక్కరలేదు. బాపట్ల 2022 ఏప్రిల్ 4నుండి జిల్లాకేంద్రమై కలెక్టరు కచేరి ఊరిలోనికే వచ్చినది. ఐనను ఏ బావి లోతెంతయో కలెక్టరుగారు ఎరుగవలెననుట న్యాయము కాదు. మరియొక సంగతి: పొడి గాలి సోకినచో, తేమ తగిలినచో బలము కోల్పోవును. మూత తెరచిన సంచిలో ఏడాది మ్రగ్గిన పొడి సున్నముకంటె గొప్పది కాదు.

వాంతిభేదులు పట్టినవానికి మొదటి మందు నీరే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బన్‌గాఁవ్ శిబిరమున కలరాతో రాలిపోవుచుండగా, సెలైను చాలక, డాక్టరు దిలీప్ మహాలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి ఎందరినో బ్రతికించెను. ఇంట చేయుటకైతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్నచెంచా, తలకొట్టిన కొలత. ఉప్పు హెచ్చరాదు. పాముకాటు విషయమున ఇంతమాత్రము చాలును: వరదకు మనుష్యులు ఎక్కిన గట్టునే నాగుపాము, కట్లపాము, రక్తపింజరి కూడ ఎక్కును; కరచినచో కోయక, కట్లు బిగింపక, కాటుపడిన అవయవమును కదలనీయక ఆసుపత్రికి చేర్పవలెను. నీట మునుగని దారి ఏదో ముందే తెలిసియుండవలెను.

1970 నవంబరులో మూడు లక్షలకు తక్కువకాని జనమును కోల్పోయిన బంగాళాఖాతపు ఉత్తరతీరమున, 1972లో బంగ్లాదేశ్‌వారు గ్రామగ్రామమున వలంటీర్లను ఏర్పరచిరి. జెండాలతో, మైకులతో ఇంటింటికి పోవుట వారి పని. యంత్రము చెప్పిన మాటకు కదలనివాడు ఎదురింటివాడు పిలిచినచో కదలును. అప్పటికిని కదలనివారు కొందరుందురు. వారిని మొండివారని నిందించుట సులభము. కారణమేమని అడిగినచో చాలమంది పశువులశాలవైపు చూపుదురు: పాడిగేదెను విడిచి ఎట్లు వత్తుమందురు. కట్టుగొయ్యకు బంధించిన గేదె నీట మునిగి చచ్చును. విడిచిన గేదె ఈది మెరకకు చేరవచ్చును. చచ్చిన గేదె కొట్టుకొనిపోయి తేలునది తరచు మంచినీటి చెరువులోనే. కావున ఇంటిముంగిట నిలిచి పిలుచువాడు, ఉప్పెన వచ్చునని స్పష్టముగా ఆ మాటతోనే చెప్పి, యజమానితో కూడ శాలలోనికి పోయి, మొదట పలుపు విప్పవలెను.