చేపలకు కొదవలేదు, ఉల్లికి ఓడే దిక్కు
అండమాన్ మార్కెట్లలో తెలుగు గొంతు

వండూర్ (అండమాన్): దక్షిణ అండమాన్‌లోని ఈ గ్రామానికి వచ్చే పర్యాటకులు రంగురంగుల చేపలను చూడగలరే తప్ప పట్టలేరు. ఇక్కడి రేవు నుంచి పడవలు బయలుదేరే మహాత్మాగాంధీ సాగర జాతీయ పార్కు 1983లో ఏర్పాటైంది. దాదాపు 280 చదరపు కిలోమీటర్ల ఆ పరిధిలో చేపల వేట నిషిద్ధం.

చేపల బేరసారాల సందడి చూడాలంటే సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని జంగ్లీఘాట్‌కు వెళ్లవలసిందే. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయర్‌లోని ఈ చేపల రేవులో కొనుగోలుదారులతో హిందీ, తమలో తాము తెలుగు మాట్లాడుకునే మత్స్యకారులు కనిపిస్తారు. వీరిలో అనేకుల పూర్వీకులు ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చినవారే. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3.80 లక్షలు కాగా, వారిలో 50 వేల మందికి పైగా మాతృభాష తెలుగు కావడం గమనార్హం.

చేపలు తాజాగా లభిస్తున్నా ఉల్లి, బంగాళాదుంప, పప్పులు ప్రధాన భూభాగం నుంచి రావలసిందే. చెన్నై, విశాఖపట్నం రేవులు ఒక్కొక్కటి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడ ప్రయాణానికి రెండు మూడు రోజులు పడుతుంది. తుపాను వల్ల ఓడ ఆగితే బజారులో ధరలు పెరుగుతాయి.

ఇదిలా ఉండగా, దీవుల చుట్టూ దాదాపు 6 లక్షల చదరపు కిలోమీటర్ల ప్రత్యేక ఆర్థిక మండలి ఉన్నా, అందులోని మత్స్యసంపదలో కొంత భాగమే రేవుకు చేరుతోంది. లోతు సముద్రంలో వేటాడగల పడవలు, శీతల గిడ్డంగులు, రవాణా సౌకర్యాలు పెరిగితే తప్ప ఉల్లిని తెచ్చే ఓడ తిరుగు ప్రయాణంలో చేపలను నింపుకుని వెళ్లదు.