ఐ.పి. పెట్టినవారికి అప్పు తీరిన కారు దక్కుతుందా?

అప్పులు తీర్చే దారి లేక కోర్టుకు వెళ్లడాన్ని మనవాళ్లు ఐ.పి. పెట్టడం అంటారు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కు అది పొట్టి పేరు. అలా ఐ.పి. పెట్టిన మనిషికి కిస్తీలన్నీ కట్టేసిన కారు ఉందనుకోండి. అది అతనికి మిగులుతుందా?

"ఫైనాన్సు బాకీ తీరింది, ఇక దాన్ని ఎవరూ తాకలేరు" అని చాలామంది ధీమా. అది పొరపాటు. కిస్తీలు ఉన్నంతకాలం కారు మీద మొదటి హక్కు ఫైనాన్సువారిది. బాకీ తీరాక అది పూర్తిగా మీ ఆస్తి. మీ ఆస్తి కనుకనే మిగతా అప్పులవాళ్లకు పంచేదానిలో చేరుతుంది.

చాలా జిల్లాల్లో ఇందుకు ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. కోర్టు ఇన్‌సాల్వెంటుగా ప్రకటించగానే ఆస్తి కోర్టు చేతికో, రిసీవరు చేతికో వెళుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయరాదన్నవి మాత్రం ఇంట్లోనే ఉంటాయి. అవి కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకసామాను, ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీంచి తీయకూడని నగలు, చేతిపనివారి పనిముట్లు, రైతు సేద్యపు పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు తలచిన పశువులు, విత్తనాలు. కారు పేరు ఇందులో లేదు. రాష్ట్రాన్ని బట్టి కొన్ని సవరణలు ఉన్నాయి కనుక మీ ఊరి ప్లీడరును అడగండి.

2016లో వచ్చిన దివాలా చట్టం ఇంకొంచెం దయ చూపింది. తాకట్టులో లేని వాహనం సొంత అవసరానికో, ఉద్యోగానికో, వృత్తికో కావలసినదైతే దాన్ని మినహాయించింది. అయితే వ్యక్తులకు సంబంధించిన ఆ భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ పడ్డవారి వరకే అమలులోకి తెచ్చారు. సామాన్యుడు దాన్ని నమ్ముకుని కూర్చోరాదు.

మరి చేయవలసిందేమిటి? కిస్తీలు తీరగానే ఫైనాన్సువారి దగ్గర నిరభ్యంతర పత్రం, 35వ నంబరు ఫారం తీసుకుని, ఆర్.టి.ఓ. ఆఫీసులో ఇచ్చి ఆర్.సి.లో వారి పేరు కొట్టివేయించండి. బాడుగకు తిప్పుకుని బతికేవారైతే ఆ సంగతి మొదటే కోర్టుకు చెప్పుకోండి. కారును బామ్మర్ది పేరుకు మార్చేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. ధర పుచ్చుకోకుండా చేసిన అలాంటి బదిలీ జరిగిన రెండేళ్లలోపు పిటిషన్ పడి, మీరు ఇన్‌సాల్వెంటు అయితే, కోర్టు దాన్ని రద్దు చేయగలదు. ఆస్తిని మోసంతో దాచిపెడితే ఏడాది దాకా జైలు కూడా ఉంది.

కారు నిలబెట్టుకునే సరైన మార్గం రాజీ. దాని విలువ మేరకు ఇంత కడతానని అప్పులవాళ్ల ముందు ప్రతిపాదన పెట్టవచ్చు. కోర్టులో అప్పు రుజువు చేసుకున్నవారిలో ఎక్కువమంది, అప్పు మొత్తంలో నాలుగింట మూడు వంతులవారు ఒప్పుకుంటే, కోర్టు దాన్ని పరిశీలించి ఆమోదించవచ్చు.

చివరగా ఒక మాట. హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, రాయగడలో ఒడియా. కాగితం ఏ భాషలో ఉన్నా, మీ ఆస్తుల పట్టీని తెలుగులో చదివించుకుని, కారు అందులో ఉందని చూసుకున్నాకే సంతకం పెట్టండి.