పప్పు మరక అశుద్ధం కాదు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో సుమారు గంట ప్రయాణం. అక్కడ మా పెద్దమ్మాయి అత్తవారిల్లు. మొన్న షాబాన్ మాసంలో ఒకరోజు మేము ఆ ఇంటికి వెళ్ళాము. మసీదులో జుహర్ నమాజు ముగించుకుని తిరిగి వచ్చేసరికి అమ్మాయి తన రెండేళ్ళ బిడ్డకు అన్నం తినిపిస్తున్నది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో ఆ చిన్ని చేతులు రెండింటినీ అదిమిపట్టి, మరొక చేత్తో పప్పన్నం నోటికి అందిస్తున్నది. ఎదురుగా గోడకు ఆనించిన ఫోనులో బొమ్మలు ఆడుతున్నాయి. పాప చూపంతా ఆ బొమ్మల మీదే. ముద్ద తగిలినప్పుడల్లా నోరు తెరుస్తున్నది, మూస్తున్నది. గౌను మీద మాత్రం ఒక్క మరక లేదు.

"నమాజు అయిందా బేటా?" అని అడిగాము.

"లేదబ్బా. ఇందాక దీని చేయి తగిలి నా బట్టలకు పప్పు అంటింది. సాయంత్రం స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఖజా చేసుకుంటాను" అన్నది.

"రోజూ ఇలాగేనా?"

"ఇది అన్నం తినడం మొదలుపెట్టినప్పటి నుంచి చాలా రోజులు ఇలాగే అవుతోందబ్బా."

మేము నిర్ఘాంతపోయాము. ఇరవై ఎనిమిదేళ్ళుగా మదర్సాలో పిల్లలకు తహారత్ అధ్యాయం బోధిస్తున్న మా సొంత కూతురికే, ఆహారపు మరకతో నమాజు చెల్లదనే అపోహ ఎలా కలిగింది? మెల్లగా అడిగితే అమ్మాయి తలవంచుకుని చెప్పింది. తనకు ఏడేళ్ళప్పుడు ఒక జుమా రోజున మేము తెల్లని కుర్తా ధరించి బయలుదేరుతుండగా, ఏడాదిన్నర తమ్ముడు పసుపు అంటిన చేతులతో వచ్చి మమ్మల్ని వాటేసుకున్నాడట. మేము వాడిని విదిలించి, "బట్టలన్నీ నాపాక్ చేశావు" అని గద్దించామట. ఆ మాట ఆమె మనసులో ఉండిపోయింది.

తరగతి గదిలో మేము నేర్పినది ఒకటి, కోపంలో మా నోటి నుంచి జారినది మరొకటి. ఇంటిలోని పిల్లలు రెండవదాన్నే నేర్చుకున్నారు. ఆ తప్పును సరిదిద్దుకునే ప్రయత్నమే ఈ వ్యాసం. మా ఇంటివంటి ఇళ్ళు మరికొన్ని ఉండవచ్చునన్న ఆలోచనతోనే దీనిని పాఠకుల ముందుంచుతున్నాము.

మరక వేరు, నజాసత్ వేరు

ధర్మశాస్త్రంలో అశుద్ధానికి, అంటే నజాసత్‌కు, స్పష్టమైన హద్దులున్నాయి. మలమూత్రాలు, రక్తం వంటివి అశుద్ధాలు. అన్నం, పప్పు, పాలు, పెరుగు, నెయ్యి, పండ్ల రసం హలాల్ ఆహారాలు, పరిశుద్ధమైనవి. నోటిలోకి వెళ్ళడానికి తగినది దుస్తుల మీద పడినంత మాత్రాన అశుద్ధం కాజాలదు. పసిబిడ్డ నోటి చొంగ కూడా అశుద్ధం కాదు. కాబట్టి పప్పు మరక ఉన్న దుస్తులతో నమాజు నెరవేరుతుంది. మరక కారణంగా నమాజును వేళ దాటించడం సమ్మతం కాదు.

అయితే మూడు విషయాలలో తల్లులు జాగ్రత్త వహించాలి. ఒకటి, బిడ్డ కక్కినప్పుడు. హనఫీ మజ్‌హబ్ ప్రకారం నోటినిండా వచ్చిన వాంతి అశుద్ధమే, పాలు తాగే బిడ్డదైనా సరే, దానిని కడగాలి. నోటినిండా రాని కొద్దిపాటి పాల కక్కు అలాంటిది కాదు. రెండు, మూత్రం. అన్నం తినని మగబిడ్డ దైవప్రవక్త (స) వారి దుస్తుల మీద మూత్రం పోసినప్పుడు, ఆయన నీళ్ళు తెప్పించి వాటిపై చల్లినట్లు ఉమ్మె ఖైస్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. కడిగే విధానంలో ఇమాముల మధ్య భేదమున్నది. హనఫీల ప్రకారం కడగవలసిందే. మూడు, వుజూ. పిండి వంటిది గోళ్ళ వద్ద ఎండి అంటుకుంటే నీరు చర్మానికి చేరదు. దానిని తొలగించి వుజూ చేయాలి. పసుపు రంగు మాత్రమే మిగిలితే ఆటంకం లేదు.

ఇలా అన్నందువల్ల శుభ్రత అక్కరలేదని అర్థం కాదు. అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో అల్లాహ్ ఆరాధన వేళ చక్కని వస్త్రధారణను ఆదేశించాడు. అదే ఆయతులో తినమని, తాగమని, మితిమీరవద్దని కూడా బోధించాడు. వస్త్రమూ ఆహారమూ ఒకే ఆయతులో పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని కోసం మరొకదాన్ని వదులుకోమని ఎక్కడా లేదు.

ప్రవక్త (స) వారి పళ్ళెం వద్ద ఒక బాలుడు

ఉమ్మె సలమా (రజి) వారి కుమారుడు ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్నతనంలో దైవప్రవక్త (స) వారి సంరక్షణలో పెరిగారు. భోజనవేళ ఆయన చేయి పళ్ళెమంతటా తిరుగాడేది. అప్పుడు ప్రవక్త (స) ఆ బాలునికి అల్లాహ్ పేరు తలచుకోవాలని, కుడిచేత్తో తినాలని, తనకు దగ్గరగా ఉన్నదాన్నే తినాలని నేర్పారు. ఆనాటి నుంచి తాను అలాగే తింటున్నానని ఆయనే పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు. ఇందులో ఆ చేతిని పట్టి ఆపడం కనిపించదు. చేతికి దారి చూపడం కనిపిస్తుంది. ఆ నేర్పు జీవితాంతం నిలిచింది.

మనవరాలు హజ్రత్ ఉమామా (రజి)ను ఎత్తుకుని ప్రవక్త (స) నమాజు చేయించారని కూడా హదీసులున్నాయి. పసిబిడ్డ స్పర్శను ఆరాధనకు ఆటంకంగా ఆయన భావించలేదు. మేము ఆ జుమా నాడు మా బిడ్డను విదిలించిన వైనం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

చేయి పెట్టనిస్తేనే నేర్చుకుంటారు

తల్లిపాలకు రెండు సంపూర్ణ సంవత్సరాల గడువును అల్ బఖరా సూరా 233వ ఆయతు పేర్కొన్నది. ఆరు నెలలు నిండాక తల్లిపాలతోపాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అప్పటి నుంచి బిడ్డ ముద్దను తాకి, నలిపి, వాసన చూసి, నోటికి చేర్చి నేర్చుకుంటుంది. ముద్ద జారుతుంది, చెంపకు అంటుతుంది, అంగీ మీద పడుతుంది. నడక నేర్చే బిడ్డ పడటం ఎంత సహజమో ఇదీ అంతే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ జిల్లాలోని 60 గ్రామాలలో ఒక పరిశీలన జరిపి, ఫలితాలను 2013లో ప్రకటించారు. 600 మంది తల్లీబిడ్డలను బిడ్డ మూడవ నెల నుంచి పదిహేనవ నెల వరకు గమనించారు. ఏమి పెట్టాలో చెప్పడమే కాక, బిడ్డ ఆకలిని, కడుపు నిండిన సూచనలను గుర్తించి ఓపికగా తినిపించడం, ఆడించడం కూడా కొందరు తల్లులకు నేర్పారు. ఆ తల్లుల బిడ్డలు మానసిక వికాసంలో, ఇలాంటి శిక్షణ లేని తల్లుల బిడ్డలకంటే ముందున్నారు. మన తెలుగు పల్లెల తల్లులే దీనికి సాక్ష్యం.

చేతులు పట్టి, ఫోను చూపి తినిపిస్తే గౌను శుభ్రంగా ఉంటుంది, నిజమే. కాని కడుపు నిండిందో లేదో బిడ్డకు తెలియదు, తల్లికీ తెలియదు. నమలడం మీద ధ్యాస లేని బిడ్డకు గొంతులో ముద్ద అడ్డుపడే ప్రమాదం కూడా ఉన్నది.

దుస్తులు కాపాడుకునే మార్గాలు

మా ఇంట్లో ఆడవారి అనుభవం నుంచి, బంధువుల ఇళ్ళలో చూసిన దాని నుంచి కొన్ని ఉపాయాలు చెబుతున్నాము.

బిడ్డకు నేల మీదే వెడల్పైన దస్తర్‌ఖాన్ పరచండి. పాత దుప్పటి చాలు. పడిన మెతుకులు దాని మీదే ఉంటాయి. శుభ్రంగా ఉన్నవి ఏరి తినవచ్చు, మిగిలినవి కోళ్ళకు, పక్షులకు వేయవచ్చు. జారిన ముద్దకు అంటిన మలినాన్ని తీసి తినమన్న ప్రవక్త (స) బోధన కూడా ఇలా బిడ్డకు అలవాటవుతుంది.

నంద్యాల ఎండాకాలంలో అంగీ విప్పి, లంగోటీతో కూర్చోబెట్టి తినిపించడం కంటే సులువైన పద్ధతి లేదు. చలికాలంలో భోజనానికని ఒక పాత చొక్కా వేరుగా పెట్టుకోండి. నాన్న పాత నూలు కుర్తాను కత్తిరించి, ముందు నుంచి తొడిగి వెనుక ముడి వేసేలా కుడితే చేతులు కూడా కప్పబడతాయి. మన ప్రాంతంలో దూది ఏకే వృత్తి నుంచి వచ్చిన నూర్‌బాషా కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నూలు గుడ్డ తడిని ఎంత చక్కగా పీలుస్తుందో వారికి మేము చెప్పనక్కరలేదు. బజారులో దొరికే బిబ్ వాడినా సరే. మెడ దగ్గర ముడి బిగుతుగా ఉండకూడదు. భోజనం కాగానే విప్పివేయాలి, దానితో నిద్రపుచ్చకూడదు.

పళ్ళెంలో ఒకేసారి నాలుగు ముద్దలు పెట్టకండి. ఒకటి తిన్నాక మరొకటి పెట్టండి. పప్పన్నం జారుగా కాక గట్టిగా కలపండి. రాగి సంగటి చిన్న ఉండలుగా చేస్తే బిడ్డ పిడికిలికి అందుతుంది. గ్లాసులో రెండు గుక్కల నీళ్ళు చాలు. ఒక ముద్ద తల్లి పెట్టడం, ఒక ముద్ద బిడ్డ తినడం అనే ఒప్పందం చాలా ఇళ్ళలో ఫలించింది. ముద్దముద్దకూ మూతి తుడవకండి. చివర ఒక్కసారి తడిగుడ్డతో తుడవండి. బిడ్డ అన్నాన్ని విసరడం మొదలుపెడితే చాలా వరకు కడుపు నిండినట్లే. బలవంతం చేయక "అల్‌హమ్దులిల్లాహ్" అనిపించి పళ్ళెం తీసివేయండి. వేరుశనగ గింజలు, ద్రాక్ష పండ్లు వంటివి ఈ వయసు వారికి పూర్తిగా పెట్టకండి, తినేటప్పుడు బిడ్డను ఒంటరిగా వదలకండి.

వలీమాకు, పండుగకు వెళ్ళేటప్పుడు వరుస మార్చుకుంటే చాలు. ముందు భోజనం, తరువాత కొత్త బట్టలు. ఈదుల్ ఫిత్ర్ నాడు నమాజుకు వెళ్ళేముందు ఖర్జూరాలు తినడం సున్నత్. పిల్లలకు ఆ ఖర్జూరం, షీర్ ఖుర్మా పాత బట్టల మీదే తినిపించి, ముఖం కడిగి, ఆపైన కొత్తవి తొడగండి.

మరకలు పడితే

పాలు, గుడ్డు, పప్పు మరకలను మొదట చల్లని నీటితోనే కడగాలి. వేడినీళ్ళు పోస్తే మరక గట్టిపడి నూలుకు పట్టేస్తుంది. నెయ్యి, నూనె మరక మీద శనగపిండి చల్లి కొంతసేపు ఉంచి, దులిపి, సబ్బు పెట్టాలి. పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది. సబ్బులోని క్షారగుణమే దానికి కారణం, భయపడవద్దు. బాగా జాడించి ఎండలో ఆరేస్తే పసుపు రంగు క్రమంగా వెలిసిపోతుంది. మన నంద్యాల ఎండ ఈ పనికి ఏ పొడికీ తీసిపోదు. బనగానపల్లె మామిడి కాలంలో రసం పడిన వెంటనే చల్లని నీటిలో నానవేయండి, ఆరనిస్తే వదలదు. పసివారి బట్టలలో సబ్బు మిగలకుండా రెండుసార్లు జాడించాలి. అప్పటికీ లేత మరక మిగిలితే మిగలనివ్వండి.

ఆ రోజు ఆళ్లగడ్డలో మా అమ్మాయి వుజూ చేసుకుని, ఆ పప్పు మరక దుపట్టాతోనే జుహర్ నమాజు చేసింది. మేము పాప ముందు కూర్చుని ఫోను ఆపివేశాము. బిస్మిల్లాహ్ అని ఒక ముద్ద ఆమె కుడిచేతిలో పెట్టాము. సగం నోటిలోకి, సగం ఒళ్ళోకి వెళ్ళింది. ఆపైన ఆ చేతిని తీసుకొచ్చి మా తెల్లని కుర్తాకు తుడిచింది. అమ్మాయి సలాము చెప్పి ఇటు తిరిగి చూసి, కంగారుగా లేవబోయింది.

"కూర్చో బేటా, ఇది నాపాక్ కాదు" అన్నాము. ఇరవై ఏళ్ళ క్రితం ఆమె తమ్ముడితో అనవలసిన మాట అది.

పరిశుద్ధతకూ పరిశుభ్రతకూ మధ్య భేదాన్ని గుర్తించే జ్ఞానాన్ని, పసిపిల్లల పట్ల ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.