కోర్టు వీడియో క్లిప్ వేరు, కోర్టు తీర్పు వేరు

2024 సెప్టెంబర్‌లో కర్ణాటక హైకోర్టుకు సంబంధించిన ఒక చిన్న వీడియో దేశమంతా తిరిగింది. ఒక కేసు విచారణలో న్యాయమూర్తి, బెంగళూరులో ముస్లింలు ఎక్కువగా ఉండే గోరిపాళ్యను పాకిస్తాన్ అనేశారు. సుప్రీంకోర్టు సెప్టెంబర్ 20న తనంతట తానే ఈ విషయాన్ని చేపట్టింది. ఆ న్యాయమూర్తి నిండు కోర్టులో విచారం వ్యక్తం చేయడంతో 25న కేసు ముగించింది. భారతదేశంలోని ఏ ప్రాంతాన్నీ ఎవరూ పాకిస్తాన్ అనడానికి వీల్లేదని ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చి చెప్పింది.

అదే వారంలో కర్ణాటక హైకోర్టు మరో ఉత్తర్వు ఇచ్చింది. తమ విచారణల వీడియోలను ముక్కలు చేసి చూపించొద్దని కొన్ని ఛానళ్లను తాత్కాలికంగా ఆపింది. సుప్రీంకోర్టు మాత్రం, ఇలాంటివి జరిగాయని లైవ్ ఆపేయడం పరిష్కారం కాదని, వెలుతురు ఇంకా పెరగాలని చెప్పింది.

ఇంతకీ రూల్ ఏంటి? కోర్టు విచారణ చూడటం ప్రజల హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న తీర్పు ఇచ్చింది. 2022 సెప్టెంబర్ 27 నుంచి రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు లైవ్‌లో వస్తున్నాయి. హైకోర్టుల కోసం సుప్రీంకోర్టు ఈ-కమిటీ 2021లో నమూనా నియమాలు తయారు చేసింది. వాటి ప్రకారం అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు, షేర్ చేయకూడదు. వార్త కోసం అనుమతి ఇచ్చినా వీడియోను ఎడిట్ చేయకూడదు. భార్యాభర్తల గొడవలు, పిల్లల కస్టడీ, లైంగిక నేరాల కేసులు లైవ్‌లో రావు.

చిక్కు ఇక్కడే ఉంది. ఈ నియమాన్ని అక్షరాలా పాటిస్తే గోరిపాళ్య గురించి అన్న మాట బయటికి వచ్చేదే కాదు. మరోవైపు, థంబ్‌నెయిల్ పెట్టి, మ్యూజిక్ కలిపి అమ్ముకునే క్లిప్పులు ఎవరి పరువునైనా తీసేయగలవు. అందుకే చూడటాన్ని ఆపే రూల్ కంటే, వక్రీకరణను శిక్షించే రూల్ మనకు ఎక్కువ అవసరం.

ఇంకో తేడా కూడా తెలుసుకోవాలి. విచారణలో జడ్జీ అడిగే ప్రశ్న, చేసే వ్యాఖ్య తీర్పు కాదు. లాయర్‌ను పరీక్షించడానికి కూడా జడ్జీలు గట్టి ప్రశ్నలు వేస్తుంటారు. చివరికి అమలయ్యేది సంతకం పెట్టిన ఉత్తర్వే. అలాగని ఆ వ్యాఖ్యలను పత్రికలు రాయకూడదని కాదు. వాటిని రిపోర్ట్ చేయకుండా మీడియాను ఆపలేమని సుప్రీంకోర్టు 2021 మేలో స్పష్టం చేసింది. వార్తల వల్ల విచారణ నిజంగా దెబ్బతినే ప్రమాదం ఉంటే, కొద్దికాలం ప్రచురణ వాయిదా వేయమని కోర్టు ఆదేశించవచ్చని 2012లోనే చెప్పింది.

మసీదు, వక్ఫ్, హిజాబ్ కేసుల క్లిప్పులు మన ఫ్యామిలీ గ్రూపుల్లోకి నిమిషాల్లో వచ్చేస్తాయి. 'కోర్టు ఇలా అంది' అని కనిపిస్తే ముందు తేదీ, కోర్టు పేరు చూడండి. వీలైతే కోర్టు సొంత ఛానల్లో పూర్తి వీడియో వెతకండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబర్ కొట్టి, ఉత్తర్వు వచ్చిందో లేదో చూసుకోండి. లైంగిక నేరాల్లో బాధితుల పేరు, ఫొటో ఉన్నవైతే అస్సలు పంపకండి. అది రెండేళ్ల వరకు జైలు పడే నేరం. ఉత్తర్వు దొరకలేదా? అయితే గ్రూపులో 'తీర్పు వచ్చేసింది' అని మాత్రం రాయకండి. భయమైనా, సంబరమైనా అసలు తీర్పు వచ్చేదాకా ఆగొచ్చు.