చైన్‌కు కొంత వదులు కావాలి

నారాయణఖేడ్ ప్రాంతంలో మోటార్‌సైకిల్ చైన్‌కు వానాకాలమే గడ్డుకాలం. సంగారెడ్డి జిల్లా వాయవ్య కొసన, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఈ పక్క నల్లరేగడి చేలకు బండి మీదే పోయి వస్తారు. ఆ బురద చైన్ కవర్ లోపలికి చేరి, ఆయిల్‌తో కలిసి పిన్నులనూ బుష్‌లనూ అరగదీస్తుంది. చైన్ సాగిందని అందరూ అంటారు గానీ, సాగేది ఇనుము కాదు. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో పదో వంతు అరిగినా, వందకు పైగా లింకులున్న చైన్ మొత్తం మీద సెంటీమీటరు దాకా పొడవు పెరుగుతుంది.

అలాగని వదులంతా తీసేయకూడదు. గేర్‌బాక్స్ స్ప్రాకెట్ స్వింగ్‌ఆర్మ్ కీలుకు కాస్త ముందుంటుంది. వెనుక ఇద్దరు కూర్చున్నా, యూరియా బస్తా వేసినా, బండి గుంతలో పడినా చక్రం ఇరుసు పైకి లేస్తుంది. స్ప్రాకెట్, కీలు, ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అన్నిటికన్నా ఎక్కువ. ఖాళీ బండికి తీగలా బిగించిన చైన్ బరువు పడగానే గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్‌ను గుంజుతుంది. మరీ వదులైతే చైన్ ఊడి చక్రాన్ని పట్టేస్తుంది. చాలా 100 సీసీ బండ్లకు వదులు సుమారు 20–30 మిల్లీమీటర్లు ఉండాలి. అయితే బండితో వచ్చిన పుస్తకంలోని అంకెకే విలువ.

కొలవడానికి పిల్లల స్కేలు చాలు. ఇంజిన్ ఆపి, బండిని న్యూట్రల్‌లో పెద్ద స్టాండ్ మీద నిలపాలి. రెండు స్ప్రాకెట్ల నడుమ, కింది వరుసను వేలితో పైకీ కిందికీ ఆడించి ఆ తేడా చూడాలి. పూర్తి కవర్ ఉన్న బండ్లలో రబ్బరు మూత తీస్తే చైన్ కనిపిస్తుంది. ఒక్కచోట చూసి వదిలేయడమే తరచూ జరిగే తప్పు. చైన్ అంతటా ఒకేలా అరగదు. చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువుగా ఉన్నచోట వదులు సరిపోయేలా సర్దాలి.

పనిముట్లంటే బండి కిట్‌లోని పానాలే. ఇరుసు నట్టు, చైన్ వైపు స్లీవ్ నట్టు ఉంటే అదీ వదులు చేసి, రెండు వైపులా అడ్జస్టర్ నట్లను సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పాలి. స్వింగ్‌ఆర్మ్ మీది గీతలు రెండు పక్కలా ఒకే చోటికి రావాలి. తుప్పుతో గీతలు చెరిగిపోతే స్వింగ్‌ఆర్మ్ బోల్టు నడుమ నుంచి ఇరుసు నడుమకు సుతిలి పట్టి, రెండు వైపులా పొడవు పోల్చాలి. తేడా వస్తే చక్రం వంకరగా ఉన్నట్టే, స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కే అరుగుతాయి.

నట్టు బిగించేటప్పుడు చక్రం జరగకుండా మెకానిక్‌లు ఒక కిటుకు వాడతారు. మడత పెట్టిన గుడ్డను వెనుక స్ప్రాకెట్‌కూ చైన్‌కూ మధ్య ఇరికించి, చక్రాన్ని చేత్తో కాస్త తిప్పితే ఇరుసు ముందుకు లాగి అడ్జస్టర్లకు ఆనుతుంది. వేళ్లు మాత్రం దూరంగా ఉంచాలి. కిట్ పానాతో చేతిబలం కొద్దీ బిగించాలి. పైపు తొడిగి కాలితో తొక్కితే మరలు పోతాయి. నట్టు మీదా పక్కనా కలిసేలా రంగు గీత గీస్తే, తర్వాత వదులైందో లేదో చూడగానే తెలుస్తుంది. గుడ్డ తీసేసి వదులు మళ్లీ కొలవాలి.

చక్రం వెనక్కి జరిగింది కనుక డ్రమ్ బ్రేకు రాడ్ కూడా బిగుసుకుంటుంది. పెడల్ ఆట చూసి రాడ్ నట్టు సర్దకపోతే బ్రేకు పట్టేసి డ్రమ్ వేడెక్కుతుంది.

తర్వాత కిరోసిన్‌తో చైన్ తుడిచి, ఆరాక 90 గ్రేడు గేర్ ఆయిల్ వేయాలి. ఇంజిన్ నుంచి తీసిన నల్ల ఆయిల్ చవకే గానీ అందులో రజను ఉంటుంది.

మామూలు 428 చైన్‌లో 20 లింకుల పొడవు కొత్తగా ఉన్నప్పుడు 254 మిల్లీమీటర్లు. అది 259 దాటితే స్ప్రాకెట్లతో సహా సెట్టు మార్చాలి. అడ్జస్టర్ చివరికి వచ్చాక లింకులు తీయించి నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. చైన్ పొట్టిదవుతుంది గానీ, మిగిలిన లింకుల మధ్య పెరిగిన దూరం అలాగే ఉండి కొత్త స్ప్రాకెట్ పళ్లను సైతం తినేస్తుంది.