కాడి పారవేయుట

తెలుగునాట నిత్యము వినబడు పలుకుబళ్లలో 'కాడి పారవేయుట' ఒకటి. పూనిన పనిని నడుమ విడిచినవారిని గూర్చి ఈ మాట వాడుదురు. శ్రోతలకు తెలిసిన మాటయే. కాని దాని బరువెంతయో ఒక పరి విచారింతము.

ఈ మాట పొలములో పుట్టినది. కాడి యనగా రెండెద్దుల మెడలపై అడ్డముగా నుండు కొయ్య. నాగలిని దాని నడుమ కట్టుదురు. ఒక యెద్దు సాలు నడుమ మెడ తప్పించినచో కాడి ఒరుగును, సాలు వంకరపోవును, బరువంతయు జతయెద్దుపై పడును. కనుక ఈ మాటలో పని విడుచుట యొకటే కాదు, తోడివానిని విడుచుట కూడ నున్నది.

దీనికి దగ్గరి మాటలు మరికొన్ని కలవు. 'చేతులెత్తుట' తన వల్ల కాదని ఒప్పుకొనుట. 'చతికిలబడుట' సత్తువ చాలక కూలబడుట. 'ఆరంభశూరత్వము' మొదటి ఉత్సాహము తుదివరకు నిలువకపోవుట. శక్తి యుండియు, తోడివారు మోయుచుండగా తాను తప్పుకొనుటయే కాడి పారవేయుట. అన్నదమ్ములు కలిసి పెట్టిన అంగడిని అప్పులతో సహా తమ్మునికి వదలి అన్న తొలగినచో ఆ మాట అతనికి తగును. కార్యకర్తలు ఊరూర తిరుగుచుండగా ఇంట కూర్చున్న అభ్యర్థికిని తగును.

ఎవరికి తగదో తెలియుటకు నల్లగొండ జిల్లాలోని హాలియా ప్రాంతమును చూడుడు. అది నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింది నేల. 1955 డిసెంబరు 10వ తేదీన ఆ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలినారు. ఈ నడుమ పన్నెండేండ్లు వేలాది కూలీలు రాయి మీద రాయి చేర్చి కట్టినారు. నేడు ఆ పొలములలో ట్రాక్టరు దుక్కియే ఎక్కువ. అయినను కాడి మాట నిలిచియే యున్నది. కృష్ణలో నీరు చాలని యేట అచటి రైతు నారు పోయక మడిని బీడు పెట్టవచ్చును. అతడు కాడి పారవేసినవాడు కాడు. ఎద్దు సిద్ధముగనే యున్నది. తడి లేనిది నేలకు.

ఇండ్లలోను ఈ విచక్షణ అవసరము. పరీక్ష తప్పిన బిడ్డను ఈ మాటతో నిందించు తల్లిదండ్రులు కలరు. రాత్రులు మేలుకొని చదివి తప్పినవాడు చతికిలబడినాడే కాని కాడి పారవేయలేదు. చతికిలబడిన యెద్దును రైతు కొట్టడు; కాడి దింపి, నీరు పెట్టి, నీడకు తోలును. మరునాడు అదే యెద్దు సాలు పట్టును.

కనుక ఒకరిని ఈ మాట అనుటకు ముందు రెండు సంగతులు విచారింపవలెను: శక్తి యుండియే విడిచినాడా? విడిచిన బరువు ఎవరి మెడపై పడినది? ఈ రెంటికిని సమాధానము దొరకనిచో, ఆ మాటను నోటనే నిలుపుకొనుట మేలు.